తుడిచిన కొలపాత్ర

ఆ రోజు నూజివీడు బస్టాండులో బస్సు కదిలింది ఉదయం 6 గంటల 20 నిమిషాలకు. హనుమాన్ జంక్షన్ వైపు పదకొండో కిలోమీటరు రాయి దాటిన తరువాత నూట యాభై గజాల దూరంలో నేను దిగవలసిన పెట్రోలు బంకు ఉంది. దిగేసరికి 6 గంటల 49 నిమిషాలు. నా చేతిలో పద్నాలుగు కిలోల చెక్కపెట్టె ఉంది. అందులో ఐదు లీటర్ల రాగి కొలపాత్ర, నేల సమంగా ఉందో లేదో చూసే బుడగ గొట్టం, పన్నెండు సీసపు బిళ్ళలు, తీగచుట్ట, బిళ్ళల మీద ముద్ర నొక్కే పట్టకారు. చేతికి సెకన్ల ముల్లున్న గడియారం.

ఈ అంకెలను జ్ఞాపకం మీద ఆధారపడి రాయడం లేదు. తూనికలు, కొలతల శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ వెళ్ళిన ప్రతి చోటా సమయం, దూరం, కొలత ఒక చిన్న నోటుపుస్తకంలో వేసుకునే అలవాటు నాకుండేది. ఎనభైల నడుమ మూడేళ్ళ పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఆ నాటి పేజీకి రెండు వైపులా డీజిలు మరకలున్నాయి. ఒక పేరాను అడ్డంగా కొట్టేసి, కొట్టివేత కింద నేనే సంతకం చేసుకున్నాను. ఆ కొట్టివేత గురించే ఇది రాస్తున్నాను.

మే నెల నడిమి రోజులవి. మామిడి లారీలు రోడ్డు వదలని కాలం. తోటల్లో తెల్లవారుజామునే కాయ కోసి, నీడన సొన కార్చి, వరిగడ్డి పరిచిన లారీల్లోకి ఎక్కిస్తారు. ఎండ ముదరకముందే లారీ జంక్షన్ చేరి పెద్ద రోడ్డెక్కాలి. అందువల్ల ఆ బంకులో రద్దీ అంతా ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకే. నా పరీక్ష ఎనిమిదిలోపు ముగించుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదని మొదటి బస్సుకు వెళ్ళాను.

నన్ను పిలిచింది బంకు యజమానే. పంపులను ఏటా పరీక్షించి ముద్ర వేయడం మా విధి. గడువుకింకా నెలన్నర ఉన్నా ఆయన ముందుగానే రుసుము కట్టి, డీజిలు పంపును పరీక్షించమని అర్జీ పెట్టుకున్నాడు. అది కొంత వింత. సాధారణంగా పంపు తక్కువ పోస్తోందని కొనేవాళ్ళు అర్జీ పెడతారు. యజమాని తనంతట తాను అడగడం నా రెండేళ్ళ సర్వీసులో అదే మొదలు.

కారణం ఆయనే చెప్పాడు, టీ తెప్పించి, గదిలో కూర్చోబెట్టి. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ముప్ఫై ఏళ్ళు మామిడి వ్యాపారం చేసి, తోటలు గుత్తకు తీసుకుని, మూడేళ్ళ క్రితం ఈ బంకు కొనుక్కున్నాడు. భూమిలోని ట్యాంకులోకి గీతల కడ్డీ దించి నిలవ ఎంతుందో ఆయనే రోజూ చూస్తాడు. పంపు మీటరు అమ్మినట్టు చూపే లీటర్లకూ, ట్యాంకులో తగ్గిన లీటర్లకూ ఫిబ్రవరి నుంచి పొంతన కుదరడం లేదు. ట్యాంకులో తగ్గేది ఎక్కువ, మీటరు చూపేది తక్కువ. ఏప్రిల్‌లో ఆ తేడా నూట ఎనభై ఐదు లీటర్లు.

ట్యాంకు కారుతోందేమోనని రెండు రోజులు అమ్మకం ఆపకుండానే రాత్రిళ్ళు కొలిచి చూశాడు. పంపు తాళం వేసి ఉన్న వేళల్లో నిలవ ఒక్క గీత కూడా తగ్గలేదు. కనుక డీజిలు పగలే పోతోంది. పగలు పంపు దగ్గర ఉండేది ఒకే మనిషి.

ఆ మనిషి కిటికీలోంచి కనిపిస్తున్నాడు. యాభై దాటిన వయసు, బక్కపలచని ఒళ్ళు, ఖాకీ చొక్కా, భుజం మీద ఎర్రగళ్ళ తువ్వాలు. చీపురుతో పంపు చుట్టూ ఊడుస్తున్నాడు. పదకొండేళ్ళుగా అక్కడే పని. బంకు చేతులు మారినప్పుడు గదితో, ట్యాంకులతో పాటు ఆయన కూడా కొత్త యజమాని దగ్గరికి వచ్చాడు.

"పంపు కరెక్టని మీరు రాసిచ్చెయ్యండి సార్. మిగతాది నేనూ అతనూ తేల్చుకుంటాం," అన్నాడు యజమాని. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. పంపు సరిగ్గా ఉందని తేలితే ఆ రోజే పనిలోంచి తీసేస్తానని, పోలీసుల దాకా వెళ్ళే ఉద్దేశం మాత్రం లేదని అన్నాడు. పెద్దమనిషి అనుకున్నాననీ, చర్చిలో కానుకల సంచి పట్టే మనిషనీ, అందుకే ఇన్నాళ్ళు ఆగాననీ చెప్పాడు.

నేను ఆ విషయాల్లో తల దూర్చలేదు. నా పని పంపు ఐదు లీటర్లు చూపినప్పుడు పాత్రలో ఎంత పడుతుందో చూడడం. ఐదు లీటర్ల మీద ఇరవై ఐదు మిల్లీలీటర్ల వరకు తేడా ఉండవచ్చునని ఆనాటి మా నిబంధన. ఆ హద్దు లోపల ఉంటే పంపు సరైనది, దాటితే కాదు. మా ఫారంలో అంతకు మించి గడులు లేవు.

7 గంటల 10 నిమిషాలకు పరీక్ష మొదలుపెట్టాను. పెట్రోలు పంపు ముందు చూశాను; దాని ట్యాంకు మూత పక్కనే ఉంది గనుక పాత్ర నేనే వంపుకున్నాను. ఐదు మిల్లీలీటర్లు తక్కువ, హద్దులోనే ఉంది. తరువాత డీజిలు. ఎరగనివారికి ఈ పద్ధతి కొంత చెప్పాలి, ఎందుకంటే జరిగినదంతా దానిలోనే ఉంది.

కొలపాత్ర అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా ఉంటుంది. మెడ దగ్గర చిన్న గాజుపలక, దాని మీద సన్నని గీతలు. సున్నా గీత దగ్గర డీజిలు ఆగితే సరిగ్గా ఐదు లీటర్లు. పైన ఆగితే ఎక్కువ, కింద ఆగితే తక్కువ. అయితే ఈ పాత్రను ప్రయోగశాలలో సరిచూసేటప్పుడు పొడిగా ఉంచి సరిచూడరు. ఒకసారి నింపి, వంపి, ధార ఆగాక ముప్ఫై సెకన్లు బోర్లించి, గోడలకు అంటుకున్న తడిని అలాగే ఉంచి సరిచూస్తారు. బంకులో కూడా అలాగే చెయ్యాలి. మొదటి ఐదు లీటర్లు లెక్కలోకి రావు; అవి పాత్రను తడపడానికి. ఆ తరువాతి మూడు కొలతలే లెక్క. ప్రతి కొలత తరువాత డీజిలును తిరిగి ట్యాంకులో పోసి, ముప్ఫై సెకన్లు బోర్లించి తేవాలి.

డీజిలు ట్యాంకు మూత మాత్రం పంపుకు పద్దెనిమిది అడుగుల దూరంలో, గది గోడ వెనక ఉంది. నేను పంపు దగ్గరే ఉండి మీటరు సున్నాకు తిప్పుకోవాలి, గొట్టం కారుతోందో లేదో చూడాలి, అంకెలు రాసుకోవాలి. అందువల్ల పాత్రను మోసి, పోసి, బోర్లించి తెచ్చే పని ఆ పంపు మనిషికి అప్పగించాను. ముప్ఫై సెకన్లు ఆగాలని చెప్పాను. ఆయన దగ్గర గడియారం లేదు. ముప్ఫై అంకెలు నెమ్మదిగా లెక్కపెడతానన్నాడు. గోడ వెనక నుంచి ఆ లెక్క నాకు వినిపించేది. ధాన్యం కొలిచేవాళ్ళలాగే ఆయన ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి రెండు, మూడు అంటూ వెళ్ళేవాడు. తొందర లేదు. ఒక్క అంకె మింగలేదు.

అప్పటికే ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, టాప్ మీద కాళ్ళు వేలాడేసుకున్న క్లీనరుతో సహా మా పని చూస్తున్నాడు. పాత్రలో డీజిలు నింపడం, నేను మోకాళ్ళ మీద కూర్చుని గాజుపలకలోకి కన్ను పెట్టి చూడడం, మళ్ళీ పారబోయించడం అతనికి తమాషాగా ఉంది.

"ఏం బాబాయ్, ఇవాళ డీజిలుకు కూడా పెళ్ళిచూపులా?" అన్నాడు పంపు మనిషితో.

"నచ్చితే నీకే ఇచ్చి చేస్తాం గానీ కాసేపు ఆగు," అన్నాడాయన, నవ్వకుండానే.

మూడు కొలతలూ పూర్తయ్యాయి. అధికం 23, అధికం 22, అధికం 23. అన్నీ ఇరవై ఐదు లోపలే. మూడూ ఒకదానికొకటి అంత దగ్గరగా రావడం నాకు తృప్తినిచ్చింది. కొలతలు అలా కలిసివచ్చినప్పుడు కొలిచిన చేతిని కూడా నమ్మవచ్చునని మాకు నేర్పారు. అది పూర్తిగా నిజం కాదని ఆ ఉదయమే తెలుసుకున్నాను. ఒకే తప్పును మూడుసార్లు శ్రద్ధగా చేసినా అంకెలు అలాగే కలుస్తాయి.

రిజిస్టరులో సిరాతో రాశాను: పంపు హద్దులో ఉన్నది. సంతకం ఒక్కటే మిగిలింది. యజమాని నా భుజం మీదుగా చూసి, తల ఊపి, గదిలోకి వెళ్ళిపోయాడు. పంపు మనిషి కొలపాత్రను రెండు చేతులతో తెచ్చి, పెట్టె పక్కన పెట్టి, నిలబడ్డాడు. ఆయనకు ఆ అంకెల అర్థం తెలియకపోయినా యజమాని తల ఊపిన తీరు అర్థమైంది. భుజం మీద తువ్వాలు తీసి, మడతపెట్టి, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు.

నేను పాత్రను పెట్టెలో పెట్టబోయే ముందు లోపల చూసుకోవడం అలవాటు. రాగికి సొట్ట పడిందేమో, అడుగున చెత్త చేరిందేమోనని. వెలుతురు వైపు వంచి చూశాను. అడుగున ఒక ఎర్రని నూలుపోగు అంటుకుని ఉంది. అరంగుళం పొడవు ఉంటుంది. నన్ను ఆపినది ఆ పోగు కాదు. దాని చుట్టూ రాగి పొడిగా ఉంది. డీజిలు వంపిన పాత్ర గోడలు నూనె రాసినట్టు మెరవాలి. ఇవి శుభ్రంగా తోమిన చెంబులా మసక ఎరుపులో ఉన్నాయి.

"దీన్ని తుడిచారా?" అని అడిగాను.

"తుడిచానండీ," అన్నాడాయన.

"ఎన్నిసార్లు?"

"పోసిన ప్రతిసారీ తుడిచానండీ. మీరు చెప్పినట్టే బోర్లించి, లెక్కపెట్టి, ఆ పైన తుడిచాను." ఏదో తప్పు జరిగిందని నా ముఖంలో కనిపించి ఉంటుంది. ఆయన గొంతు తగ్గింది. "కొలత పాత్రని తుడవకుండా మీ చేతికి ఎలా ఇస్తానండీ? అడుగున చుక్క మిగిలితే నేనే కలిపానంటారు గదా."

గోడ వెనక్కు తీసుకువెళ్ళి చూపించాడు. సన్నని వెదురుకర్ర చివర చిరిగిన ఎర్రగళ్ళ గుడ్డ చుట్టి ఉంది. అది ఇంజను ఆయిలు కొలిచే డబ్బాలు తుడిచే కర్ర. బంకులో మూడు రకాల ఆయిలు అమ్ముతారు. ఒకదాని తడి మరొకదానిలో కలిస్తే లారీవాళ్ళు ఊరుకోరు. అందుకని ఆయిలు డబ్బాను ప్రతిసారీ పొడిగా తుడవాలి. పదకొండేళ్ళుగా రోజుకు పదిసార్లు చేసిన పని అది. మంచి పనివాడి అలవాటు. తన మీద అనుమానం ఉన్న రోజు గనుక ఆ పనిని ఆయన ఇంకా శ్రద్ధగా చేశాడు.

తడిగా ఉండవలసిన పాత్రను పొడిగా తుడిస్తే ఏమవుతుందో నేను అక్కడే నిలబడి లెక్కవేశాను. గోడలకు అంటుకోవలసిన డీజిలు, తరువాతి కొలతలోంచి పోతుంది. గాజుపలకలో మట్టం అంత మేర కిందికి దిగి కనిపిస్తుంది. అంటే నేను రాసిన 23 నిజంగా 23 కాదు, అంతకంటే ఎక్కువ. పంపు హద్దులో ఉన్నట్టు కనిపించడానికి కారణం, అది హద్దులో ఉంటే ఎవరి ఉద్యోగం పోతుందో ఆ మనిషి చేతిలోని తుడుపుగుడ్డ.

ఆయనను గోడ వెనక వదిలి నేను ఇవతల కూర్చున్నది నా తప్పు. ముప్ఫై సెకన్లు ఆగమని చెప్పాను, తుడవవద్దని చెప్పలేదు. తుడుస్తారన్న ఊహ నాకు రాలేదు. మా శిక్షణలో ఎవరూ తుడవలేదు.

రిజిస్టరులోనూ, నోటుపుస్తకంలోనూ రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి, కింద సంతకం చేసి, 8 గంటల 5 నిమిషాలకు మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పాత్ర నా చేతిలోనే. ఐదు లీటర్లతో తడిపి, నేనే మోసుకెళ్ళి, గడియారం చూసుకుని బోర్లించాను. పంపు మనిషి అలవాటు కొద్దీ పక్కన నిలబడి లాభం, రెండు అని లెక్కపెట్టాడు. ఆయన ముప్ఫై అనేసరికి నా గడియారంలో ముప్ఫై రెండు సెకన్లు. రోడ్డు మీద ఇప్పుడు మూడు లారీలు ఉన్నాయి. హారన్లు మొదలయ్యాయి. లోడు ఎండలో పండిపోతుందని ఒక డ్రైవరు యజమాని మీద విసుక్కుంటున్నాడు.

అధికం 38. అధికం 37. అధికం 38.

యజమానిని పిలిచి చెప్పాను. మీ పంపు ఐదు లీటర్లు చూపినప్పుడు సుమారు ముప్ఫై ఎనిమిది మిల్లీలీటర్లు ఎక్కువ పోస్తోంది. హద్దు ఇరవై ఐదు.

ఆయన మొదట నవ్వాడు. "ఎక్కువా? తక్కువ కాదు గదండీ?" అన్నాడు. కాదన్నాను. "అయితే ఏంటండీ ఇబ్బంది?" అన్నాడు.

ఎక్కువైనా తక్కువైనా హద్దు దాటితే పంపును ఆపవలసిందేనని చెప్పాను. ఆయనకు అది అన్యాయంగా తోచింది. చాలాసేపు వాదించాడు. కొలత తక్కువ ఇచ్చేవాణ్ణి పట్టుకోవడానికి ఆఫీసులున్నాయని ఎరుగుదును గానీ ఎక్కువ ఇచ్చేవాణ్ణి పట్టుకోవడం ఎక్కడా వినలేదన్నాడు. ఆ వాదనలోనే అసలు సంగతి బయటపడింది.

"వంద కాయ లెక్కపెట్టి, పైన నాలుగు కొసరు వెయ్యకపోతే ఆ మనిషి మళ్ళీ మన గుమ్మం తొక్కడండీ. పంపుకి మాత్రం కొసరు ఉండొద్దా? నేనే చెప్పాను మెకానిక్కుతో, చెయ్యి కాస్త వదులుగా పెట్టమని."

బంకు తీసుకున్న మూడో ఏడు, అంటే పదిన్నర నెలల కిందట, పంపును విప్పి బాగుచేయించినప్పుడు ఆ మాట చెప్పాడట. మెకానిక్కు హద్దు తెలిసినవాడు. పదిహేను మిల్లీలీటర్లు ఎక్కువ పోసేలా అమర్చాడు. మా శాఖ మనిషి, ఆ ప్రాంతంలో నాకు ముందు పనిచేసినాయన, వచ్చి కొలిచి ముద్ర వేశాడు. పాత రిజిస్టరులో ఆ అంకె ఉంది: అధికం 15. అందులో తప్పేమీ లేదు. అప్పుడు కూడా పాత్రను తుడిచారో లేదో మాత్రం రిజిస్టరు చెప్పదు. ముద్ర చెక్కుచెదరలేదు. ఎవరూ పంపును ముట్టుకోలేదు. మీటరు లోపలి భాగాలు వాడకంతో అరుగుతాయి. అరిగినకొద్దీ కొంత డీజిలు లెక్కలోకి రాకుండానే జారి గొట్టంలోకి పోతుంది. యజమాని పెట్టించిన కొసరు మీద అరుగుదల తన కొసరు తాను వేసుకుంటూ పోయింది.

మామిడి యార్డులో కొసరు ఎంత పోతోందో ఆయనకు తెలుసు. కాయ చేతిలోంచి దాటుతుంటే కన్ను చూస్తుంది. వంద దాటాక నాలుగు పడగానే చెయ్యి ఆగుతుంది. పంపుకు ఆ ఆగడం లేదు. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో ఆయన ఎన్నడూ కొసరును తరుగుగా రాసుకోలేదు. రాసుకోవలసిన అవసరం రాలేదు. డీజిలు తరిగినప్పుడు ఆయన మనసులోకి దొంగ వచ్చాడు గానీ తను పెట్టించిన కొసరు రాలేదు.

నేను రిజిస్టరు వెనక అట్ట మీద లెక్క వేసి చూపించాను. మూడు కొలతల సగటును బట్టి పది వేల లీటర్లకు డెబ్బై ఐదు లీటర్లు అదనంగా పోవాలి. ఏప్రిల్ అమ్మకం మీటరు ప్రకారం 24,000 లీటర్లు. పోవలసినది 181, ఆయన కడ్డీ లెక్కలో పోయినది 185. మార్చి 14,000, పోవలసినది 105, పోయినది 100. ఫిబ్రవరి 9,500, పోవలసినది 72, పోయినది 65. ఫిబ్రవరిలో కాస్త తక్కువ ఉండడం సహజం, అప్పటికి అరుగుదల ఇంత లేదు. అమ్మకం పెరిగితే తరుగు పెరిగింది, అదే నిష్పత్తిలో. మనిషి తీస్తే ఇలా తియ్యడు. ఎంత అమ్మారో చూసుకుని, దానికి తగ్గట్టు గుణించుకుని నెలనెలా డబ్బా నింపుకునే దొంగ ఉండడు.

మొదటి కొలతలే నిజమని సంతకం చేసి ఉంటే ఏమయ్యేదో కూడా ఆ అట్ట మీదే వేశాను, యజమానికి చూపించకుండా. ఏప్రిల్ తరుగులో 109 లీటర్లకే జవాబు దొరికేది. అదీ ఎవరైనా లెక్క వేస్తే. మిగిలిన 76 లీటర్లు ఆ మనిషి నెత్తి మీదే ఉండేవి, ప్రభుత్వ ముద్రతో.

యజమాని అట్టను తన వైపు తిప్పుకున్నాడు. చదువుకున్నది ఐదో తరగతే అయినా లెక్కలో ఆయనకు ఎవరూ సాటిరారు. మార్చి వరస తనే మళ్ళీ నోటితో గుణించి సరిచూసుకున్నాడు. తరువాత గుమ్మం దాకా వెళ్ళి, లారీలవాళ్ళను జంక్షన్‌కు పొమ్మని చెప్పి, పంపు మనిషి వైపు తిరిగాడు. క్షమాపణ లాంటిదేదో వస్తుందని నేను తల దించుకుని తీగ కోస్తున్నాను.

"పొద్దున్నించి ఏమన్నా తిన్నావా నువ్వు?" అన్నాడు.

"లేదండీ."

"పో, తినిరా. పంపు ఎలాగూ ఆగిపోయింది."

ఆయన వెళ్ళలేదు. డీజిలు పంపుకు తీగ చుట్టి, సీసపు బిళ్ళ మీద ముద్ర నొక్కి, వాడరాదని కాగితం అంటించేదాకా నా పక్కనే ఉన్నాడు. యజమాని గదిలోకి పోయాక అడిగాడు: "అయితే నేను తియ్యలేదని మీ కాయితంలో రాస్తారా అండీ?"

మా ఫారంలో అలాంటి గడి లేదని చెప్పాను. ఎవరు తీశారో, తియ్యలేదో చెప్పడం మా శాఖ పని కాదు. రిమార్కుల గడిలో నేను ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చదివి వినిపించాను: ఫిబ్రవరి నుంచి యజమాని చూపిన తరుగు, మీటరు అధికంగా పోసిన పరిమాణంతో సరిపోతున్నది. ఆయన రెండోసారి చదవమన్నాడు. చదివాను.

"అది తెలుగులో ఒక ముక్క రాసిస్తారా అండీ? ఆదివారం గుళ్ళో చదివించుకుంటాను."

అప్పుడు తెలిసింది. తొమ్మిదేళ్ళుగా వాళ్ళ ఊరి చర్చిలో ప్రతి ఆదివారం కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఆయనే. బంకులో డీజిలు పోతోందన్న మాట ఊళ్ళోకి పాకాక, ఎవరూ వద్దనకముందే ఆయన ఆ సంచిని కిందపెట్టేశాడు. ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను. లేదండీ, అననివ్వడం దేనికని నేనే పెట్టేశాను, అన్నాడు. నాలుగు ఆదివారాలు గడిచాయట.

ప్రభుత్వ ఉద్యోగి అలాంటి కాగితం రాసివ్వవచ్చునా అని నేను ఆలోచించాను. నిబంధనల్లో రాయమని లేదు, రాయవద్దని లేదు. నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి రిమార్కునే మాటకు మాట తెలుగులో రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాను. శాఖ ముద్ర వెయ్యలేదు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఖాకీ చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకున్నాడు. 9 గంటల 40 నిమిషాల బస్సుకు నా పెట్టెను రోడ్డు దాకా మోశాడు. పెట్టెలో కొలపాత్ర తడిగానే ఉంది. దానివైపు ఒకసారి చూసి, నేను ఏమనుకుంటానోనని తుడవకుండా ఊరుకున్నాడు.

బెజవాడ నుంచి మెకానిక్కు నాలుగో రోజు సాయంత్రం వచ్చాడు. అరిగిన భాగాలు మార్చి, సరిచేశాడు. మర్నాడు ఉదయం నేను వెళ్ళి కొలిచాను: అధికం 2, అధికం 2, అధికం 3. యజమానికి ఆ అంకెలు నచ్చలేదు. కొసరు బొత్తిగా లేకుండా పోయిందే అన్నాడు. పది దాకా ఉంచితే చట్టం ఏమీ అనదు గదా అని నన్నూ, మెకానిక్కునూ మార్చి మార్చి చూశాడు. మెకానిక్కు నవ్వి పనిముట్లు సర్దుకున్నాడు. ఇక కొసరు వెయ్యాలనిపిస్తే లారీకి రెండు చిన్నరసం మామిడిపళ్ళు ఇస్తానని యజమాని తీర్మానించాడు. ఆ సీజను ముగిసేదాకా గది గుమ్మంలో ఒక గంప ఉండేదని తరువాత విన్నాను. నేను ఉన్న ఆ కాసేపట్లోనే ట్యాంకులోంచి గీతల కడ్డీ పైకి లాగి, తను చూడకుండానే పంపు మనిషికి అందించాడు. "నువ్వే చదువు," అన్నాడు. ఆయన చదివాడు. యజమాని పుస్తకంలో రాసుకున్నాడు.

కాగితం ఆదివారం చదివారో లేదో నేను అడగలేదు. జూన్‌లో వేరే పని మీద ఆ దారిన పోతూ బస్సులోంచి చూశాను. ఆయన ఒక లారీకి డీజిలు పోస్తున్నాడు. బస్సు ఆగిన నిమిషంలో కిటికీ దగ్గరికి వచ్చి, సంచి మళ్ళీ పట్టుకుంటున్నానండీ, అని మాత్రం చెప్పి వెళ్ళాడు.

మా ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. సిరాతో రాసిన కొలతలను ఎందుకు కొట్టివేశారు, మూడు కొలతలు చాలిన చోట ఆరు ఎందుకు తీశారు అని. జరిగినది జరిగినట్టు రాశాను, పాత్రను నా కళ్ళెదుట ఉంచుకోకపోవడం నా లోపమని కూడా. ఇకపై జాగ్రత్త వహించవలెనని పై అధికారి రాసి ఫైలు మూసేశాడు. ఆ తరువాత ఇరవై రెండేళ్ళు పనిచేశాను. కొలపాత్రను ఎవరి చేతికిచ్చినా వెంట నడిచాను.

నోటుపుస్తకంలో ఆ పేజీ చివర ఇలా ఉంది.

పరీక్షకు తీసిన డీజిలు: మొదటి రోజు 40 లీటర్లు. తిరిగి ట్యాంకులో పోసినది: తుడుపుగుడ్డ పీల్చుకున్న సుమారు 60 మిల్లీలీటర్లు పోగా మిగతాది.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో లెక్కకు రాకుండా పోయిన డీజిలు: 350 లీటర్లు. మే నెల పంపు ఆపే రోజు దాకా, అంచనాగా: 80 లీటర్లు.

డీజిలు పంపు మూసి ఉన్న రోజులు: 4. జంక్షన్‌కు పోయిన లారీలు: ఎవరూ లెక్కపెట్టలేదు.

బస్సు టిక్కెట్లు: 4. సీసపు బిళ్ళలు: 2. మెమో: 1.

కానుకల సంచి వేరేవాళ్ళు పట్టిన ఆదివారాలు: 4.